గేటు పక్కన కుండీలో యూ చెట్టు



షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ మీదుగా జూబ్లీహిల్స్ ఎక్కుతుంటే ఇళ్ల గేట్లు గమనించండి. గేటుకు అటొకటి ఇటొకటి పెద్ద కుండీలు, వాటిలో నిటారుగా, కోసుగా కత్తిరించిన ముదురాకుపచ్చ మొక్కలు కనిపిస్తాయి. ఈ సోకు మనకెక్కడిదో పెద్దగా ఆలోచించక్కర్లేదు. రెండు తరాలుగా మన సినిమా పాటలు ఊటీకీ, కాశ్మీరుకూ, ఆ తర్వాత స్విట్జర్లాండుకూ వెళ్లొస్తూనే ఉన్నాయి. హీరో హీరోయిన్ల వెనక నిలబడ్డ ఆ సూదాకుల చెట్లు మన కళ్లల్లో ఉండిపోయాయి. ఆ పాటలు తీసినవాళ్లలో చాలామంది ఈ కొండల మీదే ఇళ్లు కట్టుకున్నారు. ఆ చెట్లలో ఒకదాన్ని ఇంటి ముందుకు తెచ్చుకోవాలన్న కోరిక కలగడం సహజమే కదా.

ఈ మధ్య ఇంకో రకం కోరిక కూడా వినిపిస్తోంది. పిల్లలు న్యూజెర్సీలోనో, లండన్ పక్కనో స్థిరపడ్డ అమ్మలూ నాన్నలూ అక్కడ ఆర్నెల్లుండి తిరిగొస్తారు. "మా వాడి ఇంటి ముందు కంచెలాగా యూ అని ఒక మొక్క పెంచారండీ, ఎంత బాగుందో! మన డాబా మీద కుండీలో వస్తుందా?" అని అడుగుతారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. అసలైన యూ హైదరాబాదులో వద్దు. దానికి దగ్గరి పోలిక ఉన్న చుట్టం ఒకటుంది, పోడోకార్పస్. అది ఇక్కడ హాయిగా బతుకుతుంది. మొదటిది ఎందుకు వద్దో, రెండోది ఎలా పెంచాలో చెప్పుకుందాం.

యూ అనేది టాక్సస్ జాతి చెట్టు. ఐరోపాలో ఒకటి, జపాన్‌లో ఒకటి, అమెరికా పశ్చిమ తీరాన ఒకటి, ఇలా రకాలున్నాయి. మన దేశంలో అది హిమాలయాల్లో, సుమారు 1800 మీటర్ల నుంచి 3300 మీటర్ల ఎత్తులో, ఇతర పెద్ద చెట్ల నీడన పెరుగుతుంది. హైదరాబాదు ఎత్తు 540 మీటర్లు. ఆ రెండు అంకెల్లోనే సగం కథ ఉంది.

మిగతా సగం మన రాత్రుల్లో ఉంది. మేలో పగలు 40 డిగ్రీలు దాటుతుందని అందరికీ తెలుసు. మొక్కను దెబ్బతీసేది పగటి ఎండ ఒక్కటే కాదు. పగలు ఆకు తయారు చేసుకున్న ఆహారంలో కొంత రాత్రిపూట శ్వాసకు ఖర్చవుతుంది. రాత్రి చల్లగా ఉంటే ఖర్చు తక్కువ, వేడిగా ఉంటే ఎక్కువ. కొండల్లో పుట్టిన చెట్టుకు ఎండాకాలంలో కూడా రాత్రి చలి ఉంటుంది. ఇక్కడ మే నెలలో రాత్రి 26, 27 డిగ్రీల కంటే దిగడం కష్టం. అందులోనూ జూబ్లీహిల్స్, షేక్‌పేట అంతా 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద ఉంది. పగలంతా కాగిన బండ తెల్లవారుజాము దాకా సెగ వదులుతూనే ఉంటుంది. దాని మీద కాంక్రీటు డాబా, డాబా మీద కుండీ, కుండీలో వేళ్లు. నేలలో ఉన్న వేరుకు లోపలికి వెళ్లి తలదాచుకునే చోటుంటుంది, కుండీలో వేరుకు ఆ దారి లేదు.

అందుకే చలికాలంలో హిమాచల్ నుంచి తెచ్చిన యూ మొక్క ఫిబ్రవరి దాకా బ్రహ్మాండంగా ఉంటుంది. కొన్నవాళ్లు నలుగురికీ చూపించుకుంటారు. ఏప్రిల్‌లో కొనలు కాలతాయి. మేలో దాహంగా ఉందేమోనని నీళ్లు ఎక్కువ పోస్తాం. జులైలో వానలకు వేడి మట్టిలో తడి నిలిచి వేరుకుళ్లు పడుతుంది. ఏసీ గదిలో పెడితేనో అంటారు. అక్కడ చల్లదనం ఉంటుంది గానీ వెలుతురు చాలదు, గాలి పొడిబారిపోతుంది. పైగా దానికి శీతాకాలపు అసలైన చలి కావాలి. జనవరిలో మనకు పొద్దున పూట 15 డిగ్రీలుంటే స్వెట్టర్లు తీస్తాం. ఆ చెట్టుకు అది చలి కిందే లెక్క కాదు.

ఇంటర్నెట్‌లో గింజల పొట్లాలు అమ్ముతారు, వాటి జోలికీ పోకండి. యూ గింజ మొలవాలంటే ముందు కొన్నాళ్లు వెచ్చదనం, తర్వాత కొన్ని నెలల చలి కావాలి, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. అమెరికా నుంచి సూట్‌కేసులో చిన్న మొక్క పెట్టుకుని రావడం ఇంకా పెద్ద తప్పు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి పత్రం, మొక్కకు తెగుళ్లు లేవన్న ఆ దేశపు ధ్రువపత్రం లేకుండా మొక్కను గానీ గింజను గానీ దేశంలోకి తేకూడదు. ఒక్క మొక్క మట్టితో వచ్చే బూజు మన తోటల్ని ఏం చేస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

యూ గురించి ఇంకో మాట తప్పకుండా చెప్పాలి, ముఖ్యంగా మనవల ఇంటికి విదేశం వెళ్లే తాతయ్యలకూ అమ్మమ్మలకూ. ఆ చెట్టు విషం. ఆకు, బెరడు, గింజ, అన్నీ విషమే. అందులోని టాక్సీన్ అనే పదార్థాలు నేరుగా గుండె మీద పనిచేస్తాయి. ఎండిపోయిన ఆకులో కూడా విషం తగ్గదు. కొమ్మలు కత్తిరించి పడేస్తే తిని గుర్రాలూ పశువులూ చచ్చిపోయిన సంఘటనలు ఐరోపాలో మామూలు. ఎర్రగా, నిగనిగలాడుతూ గింజ చుట్టూ ఉండే గుజ్జు ఒక్కటే విషం కానిది. పిట్టలు ఆ గుజ్జు తిని గింజను అలాగే వదిలేస్తాయి. పిల్లలకు ఆ తెలివి ఉండదు కదా. ఎర్ర పండు కనిపిస్తే నోట్లో పెట్టుకుంటారు, గింజ నమిలితే ప్రమాదం. ఫిల్మ్‌నగర్‌లో కథలు రాసుకునే మిత్రులకు ఒక చిన్న సంగతి: ఇంగ్లీషు నేరకథల రచయిత్రి అగాథా క్రిస్టీ 1953లో రాసిన 'ఎ పాకెట్ ఫుల్ ఆఫ్ రై' నవలలో హత్య జరిగేది ఈ విషంతోనే, మార్మలేడులో కలిపి. ఆవిడ ప్రపంచయుద్ధాల కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసిన మనిషి, విషాల సంగతి తెలిసే రాసింది.

ఇదే చెట్టు మందు కూడా ఇచ్చింది. 1962లో ఆర్థర్ బార్‌క్లే అనే వృక్షశాస్త్రవేత్త అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ బెరడు సేకరించాడు. క్యాన్సర్ మీద పనిచేసే మొక్కలేవైనా ఉన్నాయా అని అక్కడి ప్రభుత్వం వేల మొక్కల్ని పరీక్ష చేయిస్తున్న రోజులవి. ఆ బెరడు నార్త్ కరోలినాలోని రీసెర్చ్ ట్రయాంగిల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది. అక్కడ మన్రో వాల్, ఆయనతోపాటు మన్‌సుఖ్ వాణీ దాన్ని చేపట్టారు. వాణీ మనవాడే, మహారాష్ట్రలో నందుర్‌బార్‌లో 1925లో పుట్టి, బొంబాయిలో చదువుకుని అమెరికా వెళ్లినవాడు. బెరడులో పనిచేసే పదార్థాన్ని విడదీసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. అదే టాక్సాల్. ఆసుపత్రి చీటీలో పాక్లిటాక్సెల్ అని రాస్తారు. అది కణాన్ని ఎలా ఆపుతుందో 1979లో సుసాన్ హార్విట్జ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని గొట్టాల్లాంటి పోగులు ఏర్పడి, పని అయ్యాక విడిపోతాయి. ఈ మందు వాటిని విడిపోనివ్వదు. కణం చీలడం మధ్యలోనే ఆగి చచ్చిపోతుంది. 1992లో అండాశయ క్యాన్సర్‌కు, 1994లో రొమ్ము క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి దొరికింది.

ఇక్కడ చిక్కు వచ్చింది. మందు బెరడులో ఉంది. బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది. ఆ చెట్టు నిదానంగా పెరుగుతుంది. హిమాలయాల్లో కూడా ఆకు కోసం, బెరడు కోసం కొట్టి కొట్టి యూ అడవుల్ని పలచన చేశారు. 1995లో హిమాలయపు యూను అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉండే సైటిస్ జాబితాలో చేర్చారు. ఇప్పుడు మందు కోసం బెరడు ఒలవాల్సిన పని లేదు. కత్తిరిస్తే మళ్లీ వచ్చే ఆకుల్లోంచి ముడిపదార్థం తీసి మారుస్తారు, లేదా యూ కణాల్నే తొట్టెల్లో పెంచి రాబడతారు.

ఈ మందు మన షేక్‌పేటకు దూరం సంగతి కాదు. బంజారాహిల్స్‌లో 2000లో మొదలైన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ఇక్కడికి కూతవేటు దూరం. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆ ఎం.ఎన్.జె. అంటే మెహదీ నవాజ్ జంగ్. బంజారాహిల్స్ ఉత్త రాళ్ల గుట్టగా ఉన్న కాలంలో ఆ రాళ్ల మధ్యే ఇల్లు కట్టుకుని, నలుగురినీ ఇటు రప్పించిన మనిషి ఆయనే. కీమోథెరపీ వార్డుల్లో వాడే ముఖ్యమైన మందుల్లో పాక్లిటాక్సెల్ ఒకటి. అయితే ఇది విని ఎవరూ యూ ఆకు కషాయం కాచుకోవద్దు. మందుకూ ఆకుకూ మధ్య ఒక పెద్ద కర్మాగారం ఉంది. ఆకు నమిలితే ముందు పనిచేసేది టాక్సీన్ విషమే. తాలీసపత్రం పేరుతో మూలికల దుకాణాల్లో అమ్మే ఆకు కూడా అన్నిచోట్లా ఒకే చెట్టుది కాదు. హిమాలయపు ఫర్ చెట్టు ఆకు ఉంటుంది, యూ ఆకూ ఉంటుంది. వైద్యుడు చూడకుండా దాన్ని ఇంట్లో వాడకండి.

సరే, ఇక పోడోకార్పస్.

దక్షిణ జపాన్, చైనా దీని స్వస్థలం. జపాన్‌లో చిబా ప్రాంతానికి ఇది అధికారిక వృక్షం. ఆకు యూ ఆకు కంటే పొడుగు, వెడల్పు. వేలెడు పొడవున సన్నగా, మందంగా, పైన నిగనిగలాడుతూ ఉంటుంది. అమెరికాలో ఎండలు మండే ఫ్లోరిడాలో ఇళ్ల ముందు కంచెలకు దీన్నే విరివిగా వాడతారు, అక్కడ దీన్ని జపనీస్ యూ అనే పిలుస్తారు. నర్సరీలో మీరు యూ అని అడిగితే ఇచ్చేదీ చాలాసార్లు ఇదే. అది మోసమేమీ కాదు, మనకు మంచిదే. కాకపోతే థూజానో, గోల్డెన్ సైప్రస్‌నో, క్రిస్మస్ చెట్టు పేరుతో అరకేరియానో చేతిలో పెడితే మాత్రం అది వేరే మొక్క, వేరే సేవ. అన్నట్టు, కోస్తా నుంచి వచ్చినవాళ్లు సరుగుడు చెట్టును కూడా ఈ జాబితాలో వేస్తుంటారు. సరుగుడుది సూదాకు అనిపిస్తుంది గానీ అది పూలు పూసే చెట్టు, ఈ కుటుంబానికి ఏమీ కాదు. నిజానికి దక్షిణాదిలో సహజంగా పెరిగే శంకువృక్షం, అంటే యూ, పోడోకార్పస్‌ల తరహా కోనిఫర్, ఒక్కటే ఉంది, పశ్చిమ కనుమల అడవుల్లో. అది ఈ పోడోకార్పస్‌కు దగ్గరి బంధువు. అందుకే ఈ మొక్క మన వేడికి తట్టుకుంటుందంటే నాకు ఆశ్చర్యం వేయదు.

ఎక్కడ కొనాలి? నార్సింగి, మొయినాబాద్ దారుల్లో నర్సరీలున్నాయి, నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా జరుగుతుంది. ఎక్కడ కొన్నా మొక్క పుట్టిల్లు చాలావరకు కడియం. రాజమండ్రి దగ్గర కడియపులంక చుట్టూ ఉన్న నర్సరీల నుంచి లారీలకు లారీలు ఇటు వస్తాయి. ఇక్కడ ఒక మెలకువ ఉంది. కడియం మొక్క గోదావరి ఒండ్రుమట్టి ముద్దతో వస్తుంది. ఆ జిగురుమట్టి అక్కడి తేమకు బాగానే ఉంటుంది. ఇక్కడ ఆ ముద్దను అలాగే తీసి, చుట్టూ మన గుల్లమట్టి పోసి కుండీలో పెడితే, ఎండకు ముద్ద ఇటుకలా గట్టిపడుతుంది. పోసిన నీళ్లు పక్కల నుంచి జారి కిందికి పోతాయి. పైన చూస్తే తడి, లోపల వేరు ఎండు. మొక్క ఎందుకు పోయిందో అర్థం కాక నర్సరీవాణ్ణి తిడతాం. కాబట్టి కుండీ మార్చేముందు ముద్దను బకెట్ నీళ్లలో కాసేపు నాననిచ్చి, బయటి పొరను వేళ్లతో మెల్లగా విడదీయండి. మొత్తం కడిగేయొద్దు, మూడో వంతు చాలు.

కుండీలోకి ఎర్రమట్టి 2 పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు 1 పాలు, ముతక ఇసుక 1 పాలు. కాస్త కోకోపీట్ కలిపినా మంచిదే. ఎక్కువైతే మాత్రం వానాకాలంలో తడి ఆరదు. అడుగు కన్నం మీద పెంకు ముక్క బోర్లించండి. కుండీ మట్టిదైతే మేలు. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో ఎంత కాగుతుందో మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. 18 అంగుళాల కుండీ తడిమట్టితో 60, 70 కిలోలు తూగుతుంది. డాబా మీద వరసగా పెట్టాలనుకుంటే స్లాబు మధ్యలో కాకుండా దూలాలూ గోడలూ ఉన్నచోట పెట్టండి. పాత ఇల్లయితే ఇంజినీరును ఒక మాట అడగండి.

నాటడానికి సమయం మృగశిర కార్తె మొదలయ్యాక. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం పంచే రోజులు గుర్తుపెట్టుకుంటే చాలు. తొలకరి వానలు రెండు మూడు పడి, గాలి చల్లబడ్డాక నాటితే ఎండాకాలం వచ్చేలోగా వేరు ఊనుకోవడానికి ఎనిమిది నెలలు దొరుకుతాయి. ఉగాదికి ముచ్చటపడి కొనేవాళ్లు ఎక్కువ. కొనండి, కానీ జూన్ దాకా కుండీ మార్చకుండా నీడలోనే ఉంచండి.

ఏ దిక్కున పెట్టాలి? వాస్తు సంగతి నన్ను అడక్కండి, ఎండ సంగతి చెబుతాను. తూర్పు వైపు మంచిది. పొద్దున్నుంచి పదకొండింటిదాకా ఎండ తగిలి, తర్వాత నీడ పడితే దానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. పడమటి బాల్కనీ అయితే మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టాలి. గోడకు ఆనించి పెట్టొద్దు. పడమటి గోడ వెదజల్లే సెగ ఎండకు తక్కువేమీ కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ పక్షం రోజులూ కుండీ చుట్టూ తడి గోనెసంచి చుట్టండి. చూడ్డానికి బాగుండదు, కానీ వేరుకు బాగుంటుంది. ఇంట్లో పెంచుకోవాలంటే కిటికీ పక్కన పెట్టుకోవచ్చు. సోఫా వెనక మూలకు పెడితే ఆకుల మధ్య ఎడం పెరిగి సాగిపోతుంది.

నీళ్ల దగ్గరే అందరూ తడబడతారు. రోజూ గ్లాసుడు పోయడం అలవాటు, అది మంచిది కాదు. రెండు అంగుళాల లోతున వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా పోయండి, తడిగా ఉంటే ఆ పూట వదిలేయండి. ఎండాకాలంలో రోజూ పోయాల్సి రావచ్చు, డిసెంబరులో మూడు నాలుగు రోజులకొకసారి చాలు. కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వొద్దు. వేరు కుళ్లుతుంది, డెంగీ దోమలు గుడ్లు పెడతాయి.

అంతకంటే పెద్ద సంగతి ఏ నీళ్లు పోస్తున్నాం అన్నది. ఈ కొండల మీద బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ నీళ్లు నెలల తరబడి పోస్తే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, కొత్త ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపురంగు తిరుగుతాయి. అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము ఉంటుంది, సున్నం దాన్ని వేరుకు అందనివ్వదు. పాత ఆకులు కొనల నుంచి పసుపెక్కుతుంటే మెగ్నీషియం లోటు. దానికి ఎప్సమ్ సాల్ట్ లీటరు నీటికి 5 గ్రాములు కలిపి సాయంత్రం పూట చల్లితే సరిపోతుంది. ఇనుముకు చీలేటెడ్ ఐరన్ ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. వాటికంటే ముందు నీళ్లు మార్చండి. మంజీరా కుళాయి నీళ్లు పట్టి ఒక రాత్రి ఉంచి పోయండి. వాననీళ్లు దొరికితే అంతకంటే మంచిది లేదు. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పనికొస్తాయి, వాటిలో సున్నం ఉండదు.

ఎరువు మీద మరీ ప్రేమ వద్దు. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకొకసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేసి, పైమట్టి గుల్ల చేస్తే సరి. ఇది నెమ్మది మొక్క. పక్కింటి మొక్కతో పోల్చి యూరియా వేస్తే వచ్చేవి మెత్తటి చిగుళ్లు, వాటి వెంట వచ్చేది పేనుబంక. పోడోకార్పస్ లేత చిగుళ్ల మీద బూడిద పూసినట్టు నీలం చాయలో పేనుబంక పడుతుంది. చీమల వరస కుండీ ఎక్కుతోందంటే అది వచ్చినట్టే. ఆకుల మీద నల్లటి మసి పడుతుంది. మొదట నీళ్ల పైపుతో గట్టిగా కడిగేయండి, తగ్గకపోతే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్లతో కలిపి చల్లండి. పిండినల్లికీ ఇదే మందు. మిట్ట మధ్యాహ్నం చల్లితే ఆకు మాడుతుంది.

కత్తిరింపు ఈ మొక్క సుగుణం. గుండ్రంగానో, కోసుగానో, దిమ్మెలాగానో ఎలా కావాలంటే అలా మలచవచ్చు. వానలు మొదలయ్యాక ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి చాలు. చలికాలం తర్వాత గట్టిగా కత్తిరిస్తే లోపలి ఆకులు ఒక్కసారిగా ఎండకు తేలి మాడిపోతాయి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెర ఆకును నలుపుతుంది, కొనలన్నీ గోధుమరంగు తిరిగి మొక్కంతా జబ్బు చేసినట్టు కనిపిస్తుంది. ముందే మలిచిన మొక్క దొరుకుతుంది కదా అని షూటింగులకు మొక్కలు అద్దెకు తిప్పేచోట చవకగా అమ్మే పాత కుండీలు మాత్రం కొనకండి. నాలుగు సెట్ల లైట్ల కింద నిలబడి, వ్యానుల్లో దొర్లి వచ్చిన వేరు మళ్లీ కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది.

పోడోకార్పస్‌లో మగ చెట్టూ ఆడ చెట్టూ వేరు. యూదీ అదే తీరు. స్కాట్లాండులో ఫోర్టింగల్ అనే ఊళ్లో కనీసం రెండు వేల ఏళ్ల వయసుంటుందనుకునే మగ యూ చెట్టుంది. 2015లో దాని ఒక్క కొమ్మకు మాత్రం ఎర్ర పండ్లు కాశాయి. ఒక కొమ్మ ఆడదైపోయింది! మన కుండీల్లో అంత వింత జరగదు గానీ, ఆడ మొక్కకు దగ్గర్లో మగ మొక్క ఉంటే ఊదారంగు కండ మీద ఆకుపచ్చ గింజ నిలిచి, కూర్చున్న బౌద్ధ భిక్షువులా కనిపిస్తుంది. ఆ గింజ తినేది కాదు. యూ అంత ప్రమాదం కాకపోయినా, పిల్లలు గానీ కుక్కపిల్లలు గానీ గింజలూ ఆకులూ నమిలితే వాంతులు, విరేచనాలు అవుతాయి. పాకే పిల్లలున్న ఇంట్లో కుండీని ఎత్తు మీద పెట్టండి.

చివరగా ఒక పరీక్ష. ఈ కుటుంబపు మొక్కలు కష్టాన్ని ఆలస్యంగా చెబుతాయి. మే నెలలో వేరు దెబ్బతింటే ఆకు ఎర్రబడేది జూన్ చివర్లో. అలాగే, ఆకు పోయినంత మాత్రాన మొక్క పోయినట్టూ కాదు. కాండం మీద గోటితో సన్నగా గీరి చూడండి. పై పొర కింద పచ్చదనం, తడి ఉంటే బతికే ఉంది. ఎండు కొమ్మలు తీసేసి, నీడకు మార్చి, ఎరువు మానేసి, మట్టి ఆరినప్పుడే నీళ్లు పోస్తూ దసరా దాకా ఆగండి. కింది నుంచి ఒక్కొక్క అంగుళం గీరుకుంటూ వెళ్లినా అంతా గోధుమరంగే, పొడే అయితే, కుండీ ఖాళీ చేసి ఆ మట్టిని నాలుగు రోజులు ఎండలో పరిచాకే ఇంకో మొక్కకు వాడండి.